ఒక్కసారి కొడితే ఆపమని

మా ఇద్దరిలో గుండెపోటు ఎవరికొస్తుందని పందెం వేసుంటే, కంపెనీలో ఒక్కడు కూడా నిదానం పేరు చెప్పేవాడు కాదు. అందరి వేళ్ళూ నన్నే చూపించేవి. ముక్కు మీద కోపం నాది. స్పానర్ సైజు తప్పు అందిస్తే ఇంతెత్తున లేచేవాణ్ణి. నన్ను వెనకాల టపాకాయ్ అనేవాళ్ళు. ముందు కూడా అనేవాళ్ళే, కాకపోతే కాస్త దూరంగా నిలబడి. అతన్నేమో నిదానం అనేవాళ్ళు. అతని అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. పేరు మార్చి పిలుస్తున్నారేమని అతనూ ఎవర్నీ అడగలేదు. అతను ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. ఈ కథంతా దాని గురించే.

మేం లిఫ్టులు బాగుచేసేవాళ్ళం. ఒక జట్టుకి ఇద్దరు. మేడ మీద మోటారు గదిలో నేను, కింద లిఫ్టు గుంతలో అతను. నేను లిఫ్టుని మెల్లగా పైకీ కిందకీ నడిపిస్తుంటే, అతను లిఫ్టు జారే ఇనుప పట్టాలు తుడిచి, గ్రీజు రాసి, తాళ్ళు చూసేవాడు. ఆ చీకటి గొట్టంలో అరిచి చెప్పుకోవడం కుదరదు. గొంతు గోడలకి కొట్టుకుని ఏం అన్నామో మనకే తెలియకుండా పోతుంది. అందుకని పట్టా మీద స్పానరుతో కొట్టేవాళ్ళం. ఇనుం నమ్మకంగా మోస్తుంది, ఎన్ని అంతస్తులైనా సరే. నేను పైనుంచి రెండుసార్లు కొడితే, ఎలా ఉన్నావని. అతను రెండుసార్లు కొడితే, బాగానే ఉన్నాను, కానివ్వు అని. ఒక్కసారే కొడితే మాత్రం ఆపమని, కరెంటు తీసేసి పరిగెత్తుకు రమ్మని. ఆపదలో ఉన్నవాడికి రెండోసారి చెయ్యెత్తే ఓపిక ఉండదని మాకంటే ముందువాళ్ళు అలా పెట్టారు.

మేం కలిసి పనిచేసినన్నాళ్ళూ నిదానం ఒక్కసారి కొట్టడం నేను వినలేదు. నేను కింద దిగిన రోజుల్లో బోలెడుసార్లు కొట్టాను. కంట్లో నలుసు పడితే కొట్టాను, బొద్దింక కాలిమీదకెక్కితే కొట్టాను. అతను మాత్రం ఎప్పుడూ రెండే. ఒకసారి పని పూర్తయ్యి బయటికొచ్చాక చూస్తే ఎడమచేతికి తుడిచే గుడ్డ చుట్టుకుని ఉన్నాడు, గుడ్డంతా ఎర్రగా తడిసిపోయింది. తలుపు చక్రాల మధ్య వేళ్ళు పడి రెండు గోళ్ళు ఊడిపోయాయి. ఎప్పుడని అడిగితే, పొద్దున మొదలుపెట్టగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆపొచ్చు కదయ్యా మహానుభావా అని ఆ మెట్ల దగ్గరే ఎడాపెడా తిట్టాను. అంతా విని, "ఎందుకులే అన్నా, మళ్ళీ మొదటినుంచీ," అన్నాడు.

ఎందుకులే. ఆ మాట అతని ఊతపదం. టీ తాగుదాం రా అంటే ఎందుకులే. జీతం పెంచమని అడుగు అంటే ఎందుకులే. అడక్కుండానే పక్కవాడి వంతు పని కూడా చేసిపెట్టేవాడు, చేసినట్టు ఎక్కడా చెప్పేవాడు కాదు. ఎంత మంచివాడో అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. అతన్ని ఇంటికి పిలవాలని ఎవరికీ తట్టేది కాదు. గోడ ఎంత మంచిదైనా గోడని భోజనానికి పిలవం కదా.

అతనికి పెళ్ళయింది. కొన్నాళ్ళు కాపురం చేశారు, పిల్లల్లేరు. ఒకరోజు ఆవిడ, ఈ ఇంట్లో నా గొంతు తప్ప ఇంకో గొంతు వినపడదు, నేను మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతున్నాను అందట. సరే అన్నాడట. సంచి కూడా తనే బస్సు దాకా మోసుకెళ్ళి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి వచ్చాడు. మర్నాడు పనిలోకొచ్చి రోజూలాగే రెండుసార్లు కొట్టాడు. ఈ సంగతి నాకు అతను చెప్పలేదు. కొన్ని నెలల తర్వాత మా ఆవిడకి బజార్లో ఎవరో చెప్పారు.

పైకి అంత చల్లటి మనిషే గానీ, లోపల ఏం ఉడికేదో సిగరెట్లకి తెలియాలి. ఒకటి ఆరకముందే ఇంకొకటి. నా కోపం పొగలా బయటికి పోయేది, అతను పొగని లోపలికి పీల్చేవాడు. మధ్యాహ్నం మేం క్యారేజీలు విప్పుకుంటే అతను బన్ను కొరుక్కుంటూ టీ తాగేవాడు, అందులో చక్కెర చెంచా నిలబడేంత. లిఫ్టులు బాగుచేసేవాడికి మెట్లెక్కే అలవాటు ఎక్కడినుంచి వస్తుంది? నడక లేదు. నిద్ర కూడా సరిగా ఉండేది కాదనుకుంటాను, కళ్ళకింద ఎప్పుడూ నల్లగానే ఉండేది. నన్ను మాత్రం మా ఆవిడ ఉప్పు తగ్గించి, పొద్దున్నే వీధిలోకి తరిమి, రక్తపోటు మాత్ర నోట్లో వేసి చంపుకు తినేది. దానిమీద రోజూ యుద్ధమే మా ఇంట్లో. ఆ యుద్ధమే నన్ను బతికించిందని ఇప్పుడనిపిస్తోంది. ఈ ముక్క ఆవిడతో చెప్పకండి.

అది ఒక బ్యాంకు భవనం. తాళ్ళు సరిచేసే పని. నేను పైన, అతను గుంతలో. భోజనాల వేళ దాటింది. నేను కొట్టాను, జవాబు రావడం కాస్త ఆలస్యమైంది. మళ్ళీ కొట్టాను. రెండు వచ్చాయి. అలా పని అయ్యేదాకా నేను అడగడం, అతను రెండు కొట్టడం. కిందకి దిగి చూస్తే చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. మొహం సున్నం కొట్టినట్టుంది. మెట్టు మీద కూర్చుని దవడ రుద్దుకుంటున్నాడు. గ్యాస్ అన్నాడు. ఆటో ఎక్కిస్తానంటే ఎందుకులే అన్నాడు. సంచి భుజానికి తగిలించుకుని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పనిలోకి రాలేదు. సెలవు పెట్టడమనేది అతని జాతకంలోనే లేదు, అందుకే అనుమానమొచ్చి వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు గడియ తీసే ఉంది. గుమ్మానికి రెండడుగుల లోపల నేలమీద పడి ఉన్నాడు, స్పృహ ఉంది. నన్ను చూసి లేవబోయాడు. రాత్రంతా అలాగే ఉన్నాడని తర్వాత తెలిసింది. పక్కవాటాలో మనుషులున్నారు, గోడ తట్టినా వచ్చేవాళ్ళు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల, మా కోడలి వయసుంటుంది. నెమ్మదిగానే మాట్లాడింది గానీ మెత్తగా మాట్లాడలేదు. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే నిదానం నిజమే చెప్పాడు, నిన్న మధ్యాహ్నం, గుంతలో ఉండగా అని.  అప్పుడే వచ్చుంటే చాలావరకు కాపాడేదాన్ని, ఇప్పుడు గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోయింది, అది తిరిగి రాదు అంది. ఎందుకు చెప్పలేదని అడిగింది.

"పనిలో ఉన్నాం కదమ్మా," అన్నాడు.

నేను బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. ఆ మధ్యాహ్నం పైన మోటారు గదిలో నేను విన్న ప్రతి రెండు చప్పుళ్ళూ అతని గుండె చచ్చిపోతూండగా కొట్టినవే. అరవడానికి ఎదురుగా మనిషి లేక ఆ గోడనే నాలుగు తిట్టాను. నర్సు వచ్చి మెల్లగా మాట్లాడమంది.

తర్వాత ఆ డాక్టరమ్మే నాకు విడిగా చెప్పింది. కోపిష్టివాళ్ళకే గుండెజబ్బు వస్తుందని అందరూ అనుకుంటారుగానీ సంగతి అంత తేలిగ్గా లేదట. సిగరెట్లు, తిండి, నిద్ర, నడక, ఇవన్నీ ఒక ఎత్తయితే, బాధని లోపల దాచుకుని నలుగురికీ దూరంగా జరిగే స్వభావం ఇంకో ఎత్తట. అలాంటివాళ్ళు కోలుకోవడం కష్టమని కొందరు పరిశోధించి చెప్పారట, అంత లేదని ఇంకొందరు చెప్పారట. అదెలా ఉన్నా ఒక్కటి మాత్రం ఆవిడ రోజూ కళ్ళారా చూస్తోంది. నొప్పి రాగానే చెప్పేవాళ్ళని కాపాడటం తేలిక, ఓర్చుకునేవాళ్ళు ఆలస్యంగా వస్తారు. ఈయనకి నొప్పి మళ్ళీ రావచ్చు, వచ్చినప్పుడు ఇంకోసారి ఇలా ఓర్చుకుంటే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు అంది. ఇంట్లో ఎవరుంటారని అడిగింది. నేనుంటాను అని చెప్పేశాను. నోరు జారిందంటే జారింది, నా నోరు ఎప్పుడూ అంతే.

మేం ఒక మూడంతస్తుల ఇంట్లో పైన అద్దెకుండేవాళ్ళం. కింద మీటర్ల పక్కన ఒక గది ఖాళీగా ఉంది. నిదానాన్ని అందులోకి దింపాను. ఆ ఇంటికి లిఫ్టు లేదు, లిఫ్టులు బాగుచేసేవాడు ఆయాసపడుతూ మెట్లెక్కడం చూసి వీధివీధంతా నవ్వుకుంది. కంపెనీ అతన్ని ఇంటికి పంపేసింది, ఆ తర్వాత కొన్నాళ్ళకి నేనూ రిటైరయ్యాను. రోజూ కాసేపు కిందకెళ్ళి కూర్చునేవాణ్ణి. నేను మాట్లాడేవాణ్ణి, అతను వినేవాడు. నేను పైకొచ్చేశాక ఆ గదిలో ఇక ఏ చప్పుడూ ఉండేది కాదు. రేడియో కొనిస్తే దానికి గుడ్డ కప్పి పెట్టుకున్నాడు, దుమ్ము పడుతుందని.

ఒకసారి అతను మందులకెళ్ళినప్పుడు నీళ్ళ మోటారు స్విచ్ కోసం ఆ గదిలోకి వెళ్ళాను. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక గిన్నె, ఒక గ్లాసు. రెండోది ఏదీ లేదు. నేనెళ్తే కూర్చోడానికి ఆ కుర్చీ నాకిచ్చి తను మంచం అంచున కూర్చునేవాడని అప్పుడు గుర్తొచ్చింది. గోడకి పాత స్పానరు వేలాడుతోంది, తళతళా మెరుస్తోంది. రోజూ తుడుస్తున్నట్టున్నాడు.  స్విచ్ వెయ్యకుండానే పైకొచ్చేసి, నీళ్ళు రాలేదని మా ఆవిడ చేత చీవాట్లు తిన్నాను.

మా డాబా మీది ట్యాంకునుంచి ఒక ఇనుప గొట్టం మా వంటింటి మూలగా దిగి కింద అతని గదిలోకి వెళ్ళేది. ఆ గొట్టమే మాకు పట్టా అయింది. ఇది నా ఆలోచనే, అప్పట్లో నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. పొద్దున లేవగానే అతను రెండు కొట్టేవాడు, నేను గరిటెతో రెండు కొట్టేవాణ్ణి. సాయంత్రం మళ్ళీ అంతే. నొప్పొస్తే ఒక్కటి. మా ఆవిడ గరిటెలకి సొట్టలు పడుతున్నాయని సణిగేది గానీ, చప్పుడు కాస్త ఆలస్యమైతే తనే ముందు గొట్టం వైపు చూసేది.

డాక్టరమ్మ చెప్పిందల్లా తు.చ. తప్పకుండా చేశాడు. సిగరెట్లు ఒక్కరోజులో మానేశాడు, మానేసినట్టు ఎవరికీ చెప్పలేదు. చక్కెర మానేశాడు. తెల్లవారగానే నడిచేవాడు. మా వీధిలో నడిచేవాళ్ళదొక గుంపుంది, ఊళ్ళో ఉన్న కబుర్లన్నీ నములుకుంటూ నడుస్తారు, నేనూ అందులోవాణ్ణే. నిదానం మమ్మల్ని చూస్తే చెయ్యెత్తి, రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవాడు. రమ్మని పిలిస్తే, నా నడక మెల్లగా ఉంటుంది, మీకు ఇబ్బంది అనేవాడు. నిజానికి నాకంటే అతనే గట్టిగా నడిచేవాడు.

పరీక్షకి తీసుకెళ్తే కాగితాలన్నీ బాగున్నాయి. చక్కెర, కొవ్వు, రక్తపోటు, బరువు, వంక పెట్టడానికి లేదు. గుండె మాత్రం అనుకున్నంత తేరుకోవట్లేదంది డాక్టరమ్మ. కాగితాలు పక్కన పెట్టి, రోజంతా ఎవరితో మాట్లాడతారు అని అడిగింది. అతను నావైపు చూశాడు. నాతోనేనండీ అన్నాను.

"మీరు మాట్లాడతారని తెలుస్తూనే ఉంది. ఆయన మాట్లాడతారా?" అంది.

 వచ్చేటప్పుడు బస్సులో నేను అడిగాను, ఈసారి నొప్పొస్తే ఒక్కటి కొడతావు కదా అని. కొడతానన్నాడు. అన్నాడుగానీ కిటికీ బయటికి చూస్తూ అన్నాడు. ఆ రోజునుంచీ నాకు అదే బెంగ పట్టుకుంది. చప్పుడు రాకపోతే భయం సరే, రెండు చప్పుళ్ళు వచ్చినా భయమే. బ్యాంకు భవనంలో కూడా రెండే కదా వచ్చాయి.

ఇంతలో ఇంటి ఓనరుకి బుద్ధి పుట్టింది. గొట్టాలు తుప్పుపట్టాయి, నీళ్ళు ఎర్రగా వస్తున్నాయని అందరూ పోరుపెడితే, ప్లంబర్లని తెచ్చి ఒక్కరోజులో ఇనుప గొట్టాలన్నీ పీకించి ప్లాస్టిక్కువి వేయించాడు. తెల్లగా కొత్తగా ఉన్నాయని నేనూ మెచ్చుకున్నాను. సాయంత్రమైంది. చప్పుడు రాలేదు. కాసేపు చూశాను. నేను రెండు కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు.  చెప్పులు కూడా వేసుకోకుండా మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగాను, వెనకాల మా ఆవిడ, ఆవిడ వెనక మా కోడలు. తలుపు తోసి చూస్తే నిదానం కుర్చీ ఎక్కి నిలబడి, తెల్ల గొట్టాన్ని స్పానరుతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు. మళ్ళీ రెండు కొట్టాడు. మమ్మల్ని చూసి, వినపడట్లేదా అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు ఇనుంతో బతికిన ఇద్దరు మేస్త్రీలకి, ప్లాస్టిక్కు మోగదని తట్టలేదు. మా కోడలు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, కోపమొచ్చింది. ఎన్నాళ్ళనుంచో దాచుకున్నదంతా అక్కడే కక్కేశాను. దేవుడు నోరిచ్చింది బన్ను తినడానికేనా అన్నాను. గొట్టం లేకపోతే చచ్చిపోతావా, మనిషివి కాదా, మెట్లెక్కి వచ్చి బాగాలేదని చెప్పలేవా అన్నాను. రేపటినుంచీ గొట్టాలూ లేవు గరిటెలూ లేవు, రోజూ సాయంత్రం పైకొచ్చి నా మొహం చూసి నోటితో చెప్పు అన్నాను. అతను కుర్చీ దిగి, దాన్ని తుడిచి నాకు వేశాడు.

రోజూ వచ్చేవాడు. గుమ్మం దగ్గర నిలబడి, బాగున్నానన్నా అని చెప్పి, హాజరు వేయించుకున్నవాడిలా వెనక్కి తిరిగేవాడు. మా ఆవిడ రెండుమూడు రోజులు చూసి, గుమ్మం పక్కన ఒక కుర్చీ వేయించింది. కూర్చుని వెళ్ళు మరిదీ, మెట్లెక్కి వచ్చావు ఆయాసం తీరాలి అంది. ఆయాసం తీరడానికి కూర్చోవడంలో అతనికి తప్పు కనిపించలేదు. కూర్చునేవాడు. మేం పోట్లాడుకుంటుంటే వినేవాడు. ఎప్పుడైనా ఇంకాసేపు ఉండమంటే, ఎందుకులే వదినా, మీకు పనులుంటాయి అనేవాడు. మెట్ల కటకటాల మీద చెయ్యేసి మెల్లగా దిగివెళ్ళేవాడు. ఆ కటకటాలు పాతవే, ఇనుపవి, ఓనరు వాటిజోలికి పోలేదు. కింద తలుపు మూసుకున్న చప్పుడు వినేదాకా నాకు అన్నం దిగేది కాదు.

మా ఆవిడకి అరవై నిండిన రోజు పిల్లలు ఇంట్లోనే చిన్న విందు పెట్టారు. చిన్నదన్నారుగానీ ఇల్లు పట్టనంతమంది. పాటలు, పిల్లల గోల, కేకు మీద కొట్లాట. నిదానం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. జేబులోంచి ఆ పాత స్పానరు మొన కనిపిస్తోంది. ఇక్కడ ఏ లిఫ్టు బాగుచేస్తావు మరిదీ అని మా ఆవిడ ఏడిపిస్తే కొంచెం నవ్వాడు. గుమ్మం పక్క తన కుర్చీలో కూర్చుని కేకు ముక్క చేతిలో పట్టుకున్నాడు. నేను గది అవతలి మూల మా వియ్యంకుడికి ఏదో పాత కథ చేతులు ఊపుతూ చెబుతున్నాను. మధ్యలో ఒకసారి చూస్తే నిదానం లేచి గోడ పట్టుకుని నిలబడ్డాడు. కేకు ప్లేటుని కుర్చీలో పెట్టి, చెప్పులు వెతుక్కుని, బయటికి వెళ్ళాడు. గోల భరించలేక వెళ్ళిపోతున్నాడులే అనుకున్నాను. ఎప్పుడూ అంతే కదా. కథ పూర్తిచేసి వెళ్దామనుకున్నాను.

అప్పుడు వినిపించింది. ఆ పాటల్లో, ఆ గోలలో, మెట్ల కటకటాల మీద ఇనుం మీద ఇనుం తగిలిన చప్పుడు. ఒక్కటి.

గదిలో ఇంకెవరూ విన్నట్టు లేదు. నేను చేతులు గాల్లోనే ఆపి రెండోదానికోసం చూశాను. ముప్ఫై ఏళ్ళుగా రెండోది రాకుండా ఎప్పుడూ లేదు. వియ్యంకుడు తర్వాతేమైంది అని అడుగుతున్నాడు. రెండోది రాలేదు.

పాటలు ఆపమని నేను అరిచిన అరుపుకి పిల్లలు బిక్కచచ్చిపోయారు. మొదటి మలుపులో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కటకటాలకి తల ఆనించి, స్పానరు ఒళ్ళో పెట్టుకుని, చెమటలు కారుతున్నాయి. నేను పక్కన కూలబడ్డాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. అంతకుముందెప్పుడూ పట్టుకోలేదు.

"నొప్పన్నా. అప్పటిలాగే ఉంది," అన్నాడు. ఆ తర్వాత, "వదిన పుట్టినరోజు పాడుచేశాను," అన్నాడు.

నోర్ముయ్యి అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది, అందరిముందూ ఏడ్చాను కూడా. మా అబ్బాయి కారు తెచ్చాడు. వియ్యంకుడూ మావాడూ కలిసి నిదానాన్ని కుర్చీతో సహా దింపారు, ఆ గుమ్మం పక్క కుర్చీతోనే. మా ఆవిడ పట్టుచీరతోనే కారెక్కి కూర్చుని అతని తల పట్టుకుంది.

డాక్టరమ్మ ఈసారి లోపలినుంచి తొందరగానే బయటికొచ్చింది. సరైన వేళకి తెచ్చారు, ఈసారి ఏమీ పోనివ్వలేదు అంది. ఎవరు గుర్తుపట్టారని అడిగింది. ఎవరూ గుర్తుపట్టలేదమ్మా, ఆయనే చెప్పాడు అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందదాకా చూసి, మీరు కూడా ఒకసారి రక్తపోటు చూపించుకోండి అంది.

రెండురోజుల తర్వాత వార్డులోకి మార్చారు. సాయంత్రం నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఇంట్లో ఎవరేమన్నారో, కేకు ఎవరు తిన్నారో అన్నీ చెప్పాను. అతను పైకప్పు చూస్తూ విన్నాడు. చూడటానికొచ్చినవాళ్ళు ఇక వెళ్ళాలని నర్సు వచ్చి చెప్పింది. నేను సంచి అందుకుని లేచాను. అతను ఏమంటాడో నాకు కొట్టిన పిండి. ఎందుకులే అన్నా ఇంతసేపు కూర్చున్నావు, వెళ్ళు, వదిన ఎదురుచూస్తుంటుంది. ఆ మాట అప్పుడే చెవిలో పడినట్టు, వస్తానని వెనక్కి తిరిగాను.

"అన్నా, కాసేపు కూర్చో," అన్నాడు.

నేను సంచి కింద పెట్టాను.  అతను దుప్పటి అంచుని గోళ్ళు మళ్ళీ మొలవని ఆ రెండు వేళ్ళతో సరిచేసుకుంటున్నాడు.

"మా ఆవిడ వెళ్తానన్న రోజున కూడా ఈ మాటే అందామనుకున్నా. బస్సు దాకా అనుకుంటూనే ఉన్నా. కిటికీ దగ్గర నిలబడి కూడా అనుకున్నా," అన్నాడు.

 స్టూలు మంచానికి ఇంకాస్త దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. నర్సు మళ్ళీ వచ్చి, నా మొహం చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.